పసికందుల కాలేయానికి దారి తీసిన మోరియో కసాయి

కసాయి అనే మాట మన చెవికి ఇంపుగా వినిపించదు. తెలుగులోను, ఉర్దూలోను ఆ పదం కత్తిని, నెత్తురును గుర్తుకు తెస్తుంది. కష్టించి బ్రతికే ఒక వృత్తివారి పేరును మనం అన్యాయంగా నిర్దయకు మారుపేరు చేసుకొన్నాము. జపాను దేశంలో అది ఒక ఇంటిపేరు మాత్రమే. ఆ ఇంటిపేరు గల ఒక శస్త్రవైద్యుడు కూడ కత్తినే చేత బట్టారు. ఆ కత్తి తల్లి ఒడిలోని పసికందుల ప్రాణాలను నిలబెట్టింది. ఈనాడు ఏ దేశంలోని పిల్లల ఆసుపత్రిలోనైనా, కామెర్లతో వచ్చిన బిడ్డను ఎత్తుకొని నిలబడిన తల్లిదండ్రులు కసాయి పేరును ఆశతో ఉచ్చరిస్తారు. ఆయనే డాక్టర్ మోరియో కసాయి. వ్యాధిని గుర్తించడం ఎంత ముఖ్యమో, సకాలంలో గుర్తించడం అంతకంటె ముఖ్యమని ఆయన జీవితం చాటుతున్నది.

మోరియో కసాయి 1922వ సంవత్సరం సెప్టెంబరు 29వ తేదీన ఉత్తర జపానులోని అవొమోరి ప్రాంతంలో జన్మించారు. జపాను ప్రధాన ద్వీపానికి ఉత్తరపు కొనన ఉన్న ఆ సీమ మంచుకు, కొండలకు ప్రసిద్ధి. అక్కడికి దక్షిణాన ఉన్న సెందాయి నగరంలోని తొహోకు విశ్వవిద్యాలయంలో ఆయన వైద్యవిద్య అభ్యసించారు. అవి రెండవ ప్రపంచ యుద్ధపు రోజులు. 1945 జూలైలో జరిగిన వైమానిక దాడిలో సెందాయి నగరపు నడిబొడ్డు కాలి బూడిదైపోయింది. యుద్ధం ముగిసిన రెండేళ్ళకు, 1947లో, కసాయి వైద్యపట్టా పుచ్చుకొన్నారు. ఓడిపోయిన దేశం, చాలీచాలని తిండి, కొరతలతో నడిచే ఆసుపత్రులు. ఆయన వృత్తిజీవితం ఈ పరిస్థితులలో ప్రారంభమైంది. అదే విశ్వవిద్యాలయపు రెండవ శస్త్రచికిత్సా విభాగంలో, ఆచార్య కత్సురా వద్ద ఆయన శిక్షణ పొందారు. పసిపిల్లలకు ప్రత్యేక శస్త్రచికిత్స అనేది ఆనాటికి జపానులో ఇంకా మొలక దశలోనే ఉన్నది.

ఆయన జీవితకార్యాన్ని అర్థం చేసుకోవాలంటే కాలేయం పనిని గూర్చి కొంత తెలుసుకోవాలి. మన రక్తంలోని ఎర్రకణాల ఆయువు సుమారు 120 రోజులు. అవి శిథిలమైనపుడు బిలిరూబిన్ అనే పసుపువన్నె పదార్థం పుడుతుంది. కాలేయం దానిని గ్రహించి, మార్పు చేసి, పైత్యరసంలో కలుపుతుంది. మన ఆయుర్వేద వైద్యులు పిత్తమన్నదీ, యునానీ హకీములు సఫ్రా అన్నదీ దీనినే. ఈ రసం సన్నని నాళాల గుండా పిత్తాశయానికి, అక్కడి నుండి ప్రేగులోనికి చేరుతుంది. క్రొవ్వు పదార్థాలను జీర్ణం చేయడానికి తోడ్పడుతుంది. మలానికి సహజమైన రంగు వచ్చేది కూడ ఈ రసం వలననే.

కొందరు శిశువులలో కాలేయం వెలుపలి పైత్యరస నాళాలు పుట్టుకతోనే, లేక పుట్టిన కొద్ది వారాలలోనే, మూసుకొనిపోయి పీచుగా మారతాయి. దీనినే వైద్యులు బిలియరీ అట్రీసియా అంటారు. దీనికి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. బయటికి దారిలేని పైత్యరసం కాలేయంలోనే నిలిచి, దానినే దెబ్బతీస్తుంది. కణజాలం గట్టిపడుతుంది, పొట్ట ఉబ్బుతుంది. చికిత్స లేకపోతే బిడ్డ సాధారణంగా రెండేళ్ళు దాటి బ్రతకదు. ఐరోపాలో ఇది సుమారు 15,000 నుండి 20,000 జననాలకు ఒకరిలో కనిపిస్తే, జపానులో సుమారు 10,000 జననాలకు ఒకరిలో కనిపిస్తుంది. అరుదైన వ్యాధియే, కాని ఆ ఒక్క ఇంటికి అది అరుదు కాదు.

ఈ వ్యాధిని వైద్యలోకం చాలాకాలంగా ఎరిగియున్నది. ఎడింబరో నగర వైద్యుడు జాన్ థామ్సన్ 1890ల ప్రారంభంలో ఇట్టి శిశువుల చరిత్రలను సేకరించి ప్రకటించారు. 1916లో అమెరికాకు చెందిన హోమ్స్ వీటిని రెండు తరగతులుగా విభజించారు. నాళంలో కొంత భాగమైనా తెరచి ఉండి, ప్రేగుతో అతికించడానికి వీలైనవి మొదటి తరగతి. అతికించడానికి నాళమే మిగలనివి రెండవ తరగతి. 1928లో బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు విలియం లాడ్ మొదటి తరగతి శిశువులలో కొందరిని రక్షించగలిగారు. కాని అట్టివారు బహు కొద్దిమంది. మిగిలిన అత్యధికులకు శస్త్రవైద్యుడు పొట్ట తెరచి చూచి, చేయగలిగినది ఏమీ లేదని మరల కుట్టివేయడమే జరిగేది. బాగుచేయరాని రకం అనే పేరు పుస్తకాలలోనికి ఎక్కింది. ఒకసారి పుస్తకాలలోనికి ఎక్కిన నిరాశను తుడిచివేయడం సులభం కాదు.

1955లో కసాయి వయస్సు సుమారు 33 సంవత్సరాలు మాత్రమే. 72 రోజుల వయస్సు గల ఒక శిశువుకు ఆయన శస్త్రచికిత్స చేశారు. నాళాల జాడ కానరాలేదు. కాలేయపు ముఖద్వారం వద్ద ఉన్న పీచు ముద్దను ఆయన కోసి చూచారు. అక్కడ నెత్తురు ఆగలేదు. దానిని ఆపడానికి, దగ్గరలో ఉన్న చిన్నప్రేగు మొదటి భాగాన్ని పైకి తెచ్చి ఆ కోతమీద అదిమి కుట్టారని చెబుతారు. తరువాత జరిగినది ఎవరూ ఊహించనిది. శిశువు కోలుకొన్నది. కామెర్లు తగ్గుముఖం పట్టాయి. నాళమే లేనిచోట పైత్యరసం ఎక్కడి నుండి వచ్చినట్లు?

మరొకరైతే ఇది దైవకృప అని ఊరకుండేవారేమో. కసాయి ఈ ప్రశ్నను విడిచిపెట్టలేదు. కాలేయ ముఖద్వారం వద్ద కోసి తీసిన ఆ పీచు ముద్దలను పలుచని పొరలుగా తరిగి, సూక్ష్మదర్శిని క్రింద వరుసగా పరిశీలించారు. కంటికి గట్టి పీచుగా కనిపించే ఆ ముద్దలో వెంట్రుకకంటె సన్నని నాళికలు ఉన్నాయి. అవి కాలేయం లోపలి నాళాలతో కలిసి ఉన్నాయి. ప్రేగును నేరుగా ఆ ప్రదేశానికి అతికిస్తే, ఆ నాళికలలో నుండి ఊరిన రసం ప్రేగులోనికి దిగుతుంది. అతికించడానికి నాళం దొరకనిచోట, నాళం కొరకు వెదకడం మాని, కాలేయపు గుమ్మానికే ప్రేగును చేర్చడం ఆయన చేసిన నూతన కల్పన. తరువాతి కాలంలో ఇందుకు చిన్నప్రేగులోని మధ్యభాగాన్ని వేరుచేసి పైకి తెచ్చి కుట్టే పద్ధతి స్థిరపడింది. ఈ శస్త్రచికిత్సకు శాస్త్రీయ నామం హెపాటిక్ పోర్టో ఎంటరాస్టమీ. కాని లోకం దానిని కసాయి ఆపరేషన్ అనే పిలుస్తున్నది.

సూక్ష్మదర్శిని మరొక సత్యాన్ని కూడ చెప్పింది. ఇది మొదటిదానికంటె కఠినమైనది. శిశువు వయస్సు పెరిగేకొలది ఆ సన్నని నాళికలు ఒక్కొక్కటిగా మూసుకొనిపోతాయి. అదే సమయంలో కాలేయం లోపల గట్టిదనం పెరుగుతూ వస్తుంది. పుట్టిన 60 రోజులలోపు శస్త్రచికిత్స జరిగితే పైత్యరసం ప్రవహించే అవకాశం చాల మెండు. 90 రోజులు దాటితే ఆ అవకాశం బాగా సన్నగిల్లుతుంది. అదే వైద్యుడు, అదే కత్తి, అదే బల్ల. ఫలితంలో తేడా తెచ్చేది క్యాలెండరు. ఆలస్యం అమృతం విషం అనే మన సామెతకు ఇంతకంటె కచ్చితమైన ఉదాహరణ వైద్యశాస్త్రంలో మరొకటి ఉండదేమో.

కసాయి తన సహచరుడు సుజుకితో కలిసి ఈ పద్ధతిని 1959లో జపాను భాషలోని ఒక శస్త్రచికిత్సా పత్రికలో ప్రకటించారు. పాశ్చాత్య దేశాలవారికి ఆ భాష రాదు. 1968లో ఇంగ్లీషులో వ్యాసం వెలువడిన తరువాత కూడ చాలమంది నమ్మలేదు. నాళం లేనిచోట నుండి రసం కారుతుందన్న మాట వారికి వింతగా తోచింది. కొందరు ప్రయత్నించి విఫలులయ్యారు. అందుకు ముఖ్యమైన కారణం, ఆ శిశువులను మూడు నాలుగు నెలలు దాటిన తరువాత బల్లమీదికి తేవడమే. ఆ ఆలస్యం అజాగ్రత్త వలన జరిగినది కాదు. ఆనాటి వైద్యశాస్త్రమే సలహాగా ఇచ్చిన ఆలస్యమది. దీనికి మూలం రోగనిర్ధారణలోని చిక్కు. ఆ చిక్కును గూర్చి విద్యార్థులు కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం.

నవజాత శిశువులలో సగానికి పైగా బిడ్డలకు రెండవ, మూడవ రోజున ఒళ్ళు పచ్చబడుతుంది. అది సాధారణంగా రెండు వారాలలో దానంతటదే పోతుంది. కనుక పచ్చదనం కనిపించగానే ఎవరూ భయపడరు. పైగా ఈ వ్యాధి గల బిడ్డ తొలివారాలలో పాలు బాగానే త్రాగుతుంది, నవ్వుతుంది, బొద్దుగానే ఉంటుంది. రోగలక్షణం లేనట్లు కనిపించడమే ఇందులోని మోసం. ఇక రెండవ చిక్కు, పచ్చదనం నిలిచిపోయిన శిశువులందరికీ ఇదే వ్యాధి కాదు. కొందరికి నాళాలు బాగానే ఉండి, కాలేయానికే వాపు ఉంటుంది. అట్టివారికి కత్తి తగిలితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఆ భయంతోనే 1960ల చివరి వరకు అమెరికాలోని ప్రముఖ శిశువైద్యులు కొందరు, బిడ్డకు నాలుగు నెలలు నిండేవరకు వేచి చూడవలసినదని బోధించారు. వాపు ఉన్న బిడ్డకు ఆ నిరీక్షణ రక్ష. నాళాలు మూసుకొనిపోయిన బిడ్డకు అదే శిక్ష.

పుట్టుకతో వచ్చే నాళలోపాలు ఇంకా కొన్ని ఉన్నాయి. నాళం సంచివలె ఉబ్బే లోపం ఒకటి. దీనిని పద్దెనిమిదవ శతాబ్దంలోనే జర్మనీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు వాటర్ వర్ణించారు. ఫ్రాన్సుకు చెందిన కరోలీ 1958లో కాలేయం లోపలి నాళాలు అక్కడక్కడ ఉబ్బి ఉండే వ్యాధిని వర్ణించారు. అదే దేశపు అలజీల్, కాలేయం లోపల నాళాలు బహు స్వల్పంగా ఉండి, గుండె, వెన్నుపూసలు, ముఖకవళికలలో కూడ మార్పులు కనిపించే మరొక వ్యాధిని వివరించారు. వీటిలో ఒక్కొక్కదానికి మార్గం వేరు. అలజీల్ వ్యాధి గల శిశువుకు కసాయి ఆపరేషన్ చేయడం మేలు కాదు. కనుక శస్త్రవైద్యుడు తొందరపడాలి, తొందరలో పొరపడరాదు.

ఈనాడు నిర్ధారణ మెట్టు మెట్టుగా సాగుతుంది. పుట్టి 14 రోజులు దాటినా పచ్చదనం పోకుంటే రక్తంలో బిలిరూబిన్‌ను రెండు భాగాలుగా కొలవాలి. కాలేయం మార్పుచేసిన భాగాన్ని, అనగా డైరెక్ట్ బిలిరూబిన్‌ను, విడిగా చూడాలి. అది ఒక మిల్లీగ్రాము దాటితే సాధారణ కామెర్లు అనుకొని ఊరకుండరాదు. తరువాత బిడ్డను కొన్ని గంటలు పాలు పట్టకుండ ఉంచి, అల్ట్రాసౌండ్ పరీక్షతో పిత్తాశయం ఉన్నదా, ముడుచుకొని ఉన్నదా, ముఖద్వారం వద్ద పీచు ముద్ద కనిపిస్తున్నదా అని చూస్తారు. అణుధార్మిక పదార్థాన్ని స్వల్పంగా ఎక్కించి, అది ప్రేగులోనికి చేరుతున్నదో లేదో పరికిస్తారు. సూదితో కాలేయం నుండి చిన్న తునక తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. అంతిమ తీర్పు శస్త్రచికిత్స బల్లమీదనే వెలువడుతుంది. పిత్తాశయంలోనికి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, దారి ఉన్నదో లేదో కళ్ళారా చూచిన తరువాతనే కసాయి ఆపరేషన్‌కు పూనుకొంటారు.

ఇన్ని యంత్రాలకు ముందున్న మెట్టు ఒకటి ఉన్నది. దానికి ఖర్చులేదు. అది శిశువు మలం రంగును చూడడం. మన హకీములు నబ్జ్, బౌల్, బరాజ్ అని నాడిని, మూత్రాన్ని, మలాన్ని రోగనిర్ధారణకు మూడు మార్గాలుగా ఎంచేవారు. ఆధునిక వైద్యం ఈ వ్యాధి విషయంలో అదే సాధారణ దృష్టికి తిరిగి వచ్చింది. మలం సుద్దవలె, పిండివలె, బూడిద కలిసిన తెలుపువలె ఉంటే పైత్యరసం ప్రేగులోనికి దిగడం లేదని అర్థం. నీటివలె ఉండవలసిన పసిబిడ్డ మూత్రం పొత్తిగుడ్డలమీద ముదురు పసుపు మరక వేస్తే అది మరొక హెచ్చరిక. జపానులోని తొచిగి ప్రాంతంలో 1994లో మలం రంగులను ముద్రించిన కార్డును తల్లులకు ఇచ్చి పరీక్షించారు. తైవాన్ 2004లో ఆ పద్ధతిని దేశమంతటా అమలుచేసింది. దాని ఫలితంగా 60 రోజులలోపు శస్త్రచికిత్స పొందే శిశువుల సంఖ్య పెరిగింది. జపాను 2012 నుండి ప్రతి తల్లికీ ఇచ్చే మాతాశిశు ఆరోగ్య పుస్తకంలోనే ఆ రంగుల కార్డును చేర్చింది. శస్త్రవైద్యుని కత్తికి ఎంత పదునున్నా, దానిని సకాలంలో బిడ్డ దగ్గరకు చేర్చేది తల్లి చూపే.

కసాయి 1963లో తొహోకు విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్సా విభాగానికి ఆచార్యులయ్యారు. 1970లలో పరిస్థితి మారింది. అమెరికాకు చెందిన లిల్లీ, ఆల్ట్‌మన్, లండన్ నగరపు హోవర్డ్ మొదలగు శస్త్రవైద్యులు ఆయన పద్ధతిని శ్రద్ధగా అనుసరించి, సకాలంలో చేస్తే అది ఫలిస్తుందని తమ అనుభవంతో నిరూపించారు. పిల్లల కాలేయానికి వచ్చే క్యాన్సరును గూర్చి కూడ కసాయి విలువైన పరిశోధన చేశారు. అమెరికా శిశు శస్త్రవైద్యులు తమ అత్యున్నత సత్కారమైన విలియం లాడ్ పతకాన్ని ఆయనకు సమర్పించారు. బాగుచేయదగిన కొద్దిమందిని రక్షించిన లాడ్ పేరిట ఉన్న పతకం, బాగుచేయరానివారికి దారి చూపిన కసాయిని చేరడం ఎంతో ఉచితం.

ఆయన ఆపరేషన్ సర్వరోగనివారిణి కాదు. రసం ప్రవహించిన శిశువులలో కూడ కొందరికి నాళాలలో పదేపదే జ్వరంతో కూడిన వాపు వస్తుంది. కొందరి కాలేయం మెల్లగా గట్టిపడుతూనే ఉంటుంది. అట్టివారికి కాలేయమార్పిడి శరణ్యం. 1963లో అమెరికాలోని డెన్వర్ నగరంలో స్టార్జల్ మానవచరిత్రలో తొలిసారి కాలేయమార్పిడికి పూనుకొన్నది ఈ వ్యాధితో బాధపడే బాలునికే. ఆ ప్రయత్నం విఫలమైంది. కాని దారి పడింది. 1989లో జపానులో బ్రతికివున్న దాత నుండి తొలిసారి కాలేయభాగం తీసి అమర్చినది కూడ ఇట్టి శిశువుకే. మన దేశంలో 1998 నవంబరులో ఢిల్లీ నగరంలో, తమిళనాడుకు చెందిన ఏడాదిన్నర బాలునికి తండ్రి కాలేయంలోని భాగం అమర్చి విజయం సాధించారు. ఆ బాలునిది కూడ ఇదే వ్యాధి. అయినను నేటికీ మొదట చేయవలసిన చికిత్స కసాయి ఆపరేషనే. దాని వలన కొందరు సొంత కాలేయంతోనే పెరిగి పెద్దవారై, తామే తల్లులైనవారు కూడ ఉన్నారు. మిగిలినవారికి అది మార్పిడి వరకు కాలాన్ని ఇస్తుంది. పసిబిడ్డకు కాలాన్ని ఇవ్వడం సామాన్యమైన దానం కాదు.

కసాయికి ఆసుపత్రి వెలుపల ఒక ప్రియమైన లోకం ఉండేది. అది కొండల లోకం. 1986లో, 63 ఏళ్ళ వయస్సులో, ఆయన తొహోకు విశ్వవిద్యాలయపు పర్వతారోహక బృందానికి నాయకత్వం వహించి టిబెట్టుకు వెళ్ళారు. 7,162 మీటర్ల ఎత్తుగల న్యెన్‌చెన్ తాంగ్లా శిఖరాన్ని అంతకు ముందు ఎవరూ అధిరోహించలేదు. ఆయన బృందం దానిని చేరుకొన్నది. పర్వతారోహకునికి వాతావరణం తెరపి ఇచ్చే వేళలు కొద్ది. ఆ వేళను గుర్తించి కదలాలి, జారిపోతే తిరిగి రాదు. శిశువు కాలేయం విషయంలో ఆయన జీవితమంతా బోధించినది కూడ ఇదే.

2008వ సంవత్సరం డిసెంబరు 6వ తేదీన డాక్టర్ మోరియో కసాయి కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! మనలో అందరం వైద్యులం కాబోము. కాని మనలో చాలమంది ఒకనాటికి తల్లులు, తండ్రులు అవుతారు. నేడే అక్కలుగా, అన్నలుగా, పిన్నులుగా, మామలుగా పసిపాప ఉన్న ఇంట తిరుగుతున్నవారు ఎందరో. మన ఇళ్ళలో కామెర్లు అనగానే, ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో యర్ఖాన్ అనగానే, పసరు పోయించడం, తాయెత్తు కట్టించడం, ఎండలో చూపితే పోతుందని నెలలు గడపడం పరిపాటి. పెద్దలు ప్రేమతోనే ఇవన్నీ చేస్తారు. కాని నాళం మూసుకొన్న బిడ్డ కాలేయానికి ఆ ప్రేమను అర్థం చేసుకొనే వ్యవధి లేదు. పక్షం రోజులు దాటినా కళ్ళు పచ్చగానే ఉన్నాయా, మలం వెలవెలబోయి ఉన్నదా అని చూచి, ఉంటే ఆనాడే వైద్యుని వద్దకు చేర్చడానికి పట్టా అక్కరలేదు. చదువుకొన్నవారు ఇంటిలో ఒక్కరున్నా ఆ మాట చెప్పగలరు.

ఏ పసికందు విషయంలోనైనా మనం ఆ మాట సకాలంలో చెప్పగలిగితే, సెందాయి నగరంలో ఒక వైద్యుడు సూక్ష్మదర్శినిపై వంగి గడిపిన సంవత్సరాలు మన వీధిలో కూడ ఫలించినట్లే.